డాగ్ డోర్ ఉన్న ఇంట్లో పాకే పిల్లలు

అమెరికాలో ఇల్లు కొనేటప్పుడైనా అద్దెకు తీసుకునేటప్పుడైనా మనవాళ్లు స్కూల్ రేటింగ్ చూస్తారు, తూర్పు ముఖమా కాదా చూస్తారు, హెచ్‌ఓఏ ఫీజు (కాలనీ ఇళ్ల యజమానుల సంఘానికి కట్టేది) ఎంతో అడుగుతారు. వెనక తలుపు అడుగున పాత ఓనరు తన కుక్క కోసం కోయించిన కంత, అదే డాగ్ డోర్, సంగతి మాత్రం ఎవరూ అడగరు. మనకు కుక్క లేదు కదా, దాంతో మనకేం పని అనుకుంటారు. నన్నడిగితే కుక్క లేని ఇంట్లోనే ఆ కంతతో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కుక్కను పెంచేవాళ్లకు అది రోజుకు పదిసార్లు కంటబడుతుంది. మిగతావాళ్లకు నాలుగు రోజులు పోతే అది తలుపులో ఒక భాగమైపోతుంది, అక్కడొక దారి ఉందన్న సంగతే గుర్తుండదు. పాకే పిల్లలకు మాత్రం ఆ తలుపు మొత్తంలో కళ్లకెదురుగా ఉండేది, తోస్తే కదిలేది అదొక్కటే.

అసలు చిక్కు ఇది. పిల్లల కోసం తలుపుకు మనం చేసే ఏర్పాట్లన్నీ, తలుపు తీస్తేనే బయటికి పోగలరు అన్న లెక్క మీద చేసినవి. నాబ్‌కు ప్లాస్టిక్ తొడుగు వేస్తాం. అందనంత ఎత్తులో గొళ్లెం బిగిస్తాం. తలుపు తీస్తే మోగే సెన్సర్ పెడతాం. ఆ సెన్సర్‌లో రెండు ముక్కలుంటాయి, ఒకటి చట్రానికి, ఒకటి తలుపుకు. ఆ రెండూ ఎడమైతేనే మోగుతుంది. ఆ కంతకు వేలాడుతూ తోస్తే తెరుచుకునే రెక్కను ఫ్లాప్ అంటారు. ఫ్లాప్‌లోంచి దూరిన పిల్లాడు బయట స్విమ్మింగ్ పూల్ గట్టు మీద ఉన్నా తలుపు మూసే ఉంటుంది, గొళ్లెం వేసే ఉంటుంది, ఫోన్‌లో సెక్యూరిటీ యాప్ అన్నీ మూసే ఉన్నాయని చూపిస్తూనే ఉంటుంది. ఎంత ఖరీదైన అలారమైనా ఇంతే.

అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల మరణాలకు మొదటి కారణం నీళ్లలో మునిగిపోవడం. చాలామంది అది పూల్ పార్టీలోనో బీచ్‌లోనో జరుగుతుందనుకుంటారు. వస్తువుల భద్రత చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ అరిజోనా, కాలిఫోర్నియా, ఫ్లోరిడాలలో పూల్ ప్రమాదాలకు గురైన చిన్నపిల్లల వివరాలు పరిశీలిస్తే, 69 శాతం మంది ఆ సమయంలో నీళ్ల దగ్గర ఉంటారని ఎవరూ అనుకోనివాళ్లే. 46 శాతం మంది చివరిసారి కనబడింది ఇంట్లో. 77 శాతం మంది విషయంలో, కనబడకుండా పోయింది అయిదు నిమిషాలో అంతకన్నా తక్కువో. అంటే ఈతకు దిగినప్పుడు పక్కనే కాపలా ఉండటం ఎంత అవసరమో, ఎవరూ ఈత ఊసే ఎత్తని మధ్యాహ్నం పూట ఇంట్లోంచి నీళ్లకు దారి లేకుండా చేయడమూ అంతే అవసరం.

ఇక కొలతలు. బజార్లో దొరికే ఫ్లాప్‌లు ఇంచుమించు ఇలా ఉంటాయి: చిన్నది 5 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు, మధ్యరకం 8కి 12, పెద్దది 10కి 16, మరీ పెద్ద జాతి కుక్కలకు 13కి 23 దాకా. ఏడాది పిల్లల తల వెడల్పు 5 అంగుళాలు మాత్రమే. తల పట్టిన చోట భుజాలు ఐమూలగా తిరిగి దూరిపోతాయి, కాబట్టి మధ్యరకం ఫ్లాప్ కూడా వాళ్లకు ద్వారమే. పెద్దదాంట్లోంచి అయిదేళ్ల పిల్లాడు కూడా వెళ్లగలడు. మరి చిన్నదైతే భయం లేదా అంటే, అక్కడ ఇంకో రకం ప్రమాదం. కాళ్లు ముందు పెట్టి దూరితే ఒళ్లు అవతలికి పోతుంది, తల ఇరుక్కుంటుంది. ఆటస్థలాల భద్రతా ప్రమాణాల్లో 3.5 నుంచి 9 అంగుళాల మధ్య కంతలను తల ఇరుక్కునే కంతలుగా లెక్కించేది ఇందుకే. పూల్ కంచెల నిబంధనల్లో 4 అంగుళాల బంతి దూరే సందు ఎక్కడా ఉండకూడదంటారు. ఆ కొలతే డాగ్ డోర్‌కూ పెట్టుకోండి. పిల్లాణ్ణే కూర్చోబెట్టి పడతాడా లేదా అని చూడకండి. దారి చూపించినట్టవుతుంది.

"దానికి లాక్ ఉంది కదా" అంటారు. ఏ లాక్ అన్నది చూడాలి. ఫ్లాప్ అడుగున ఉండే అయస్కాంతపు పట్టీ లాక్ కాదు, గాలికి రెక్క కొట్టుకోకుండా పట్టి ఉంచేది, అంతే. పాకే పిల్లాడి తల ఆనితే విడిపోతుంది. పాతబడిన ఫ్లాప్‌లో ఆ అయస్కాంతం ముక్కలుగా ఊడి నేల మీద పడుతుంది కూడా. పిల్లలు రెండు ముక్కలు మింగితే అవి కడుపులో ఒకదాన్నొకటి లాక్కుని పేగుకు చిల్లు పెట్టే ప్రమాదముంది. ఆ పట్టీ వదులైతే ఆ రోజే తీసి పారేయండి.

రెండోది పైనుంచి కిందికి జారే ప్లాస్టిక్ పలక. ఫ్లాప్ కొన్నప్పుడు దాంతో వస్తుంది. పాత ఇళ్లలో చాలాసార్లు ఆ పలకే ఉండదు, గరాజ్‌లో ఏదో అరలో పడి ఉంటుంది. ఉన్నా, రెండేళ్ల పిల్లకు దాన్ని పైకి లాగడం ఆటే. పైన పిన్ను ఉన్న రకమైతే కాస్త నయం. పిన్ను లేకపోతే పలకనూ పక్క గాడినీ కలిపి రెండువైపులా చిన్న స్క్రూ దిగ్గొట్టాలి. బిగించాక కింది మూలల మీద మోకాలితో గట్టిగా తోసి చూడండి. మధ్యలో నొక్కితే గట్టిగానే ఉంటుంది, మూల దగ్గర నొక్కితే పలక వంగి గాడిలోంచి బయటికొస్తుంది.

పిల్లి ఫ్లాప్‌లకు తిప్పే మీట ఉంటుంది: లోపలికి మాత్రమే, బయటికి మాత్రమే, రెండూ, పూర్తిగా మూత. ఆ మీట నేలకు జానెడు ఎత్తులో, పిల్లల చేతికందే చోటే ఉంటుంది. ఇక ఎలక్ట్రానిక్‌వి. కుక్క మెడలో ట్యాగ్ దగ్గరికి రాగానే లాక్ తెరుచుకుంటుంది, కొన్ని సెకన్లు అలాగే ఉంటుంది. కుక్క వెనకే పాకే పిల్లాడికి ఆ కొన్ని సెకన్లు చాలు. కుక్క ఆ తలుపు పక్కనే పడుకుంటే లాక్ తెరిచే ఉండిపోవచ్చు. పెంపుడు జంతువు చర్మం కింద పెట్టిన మైక్రోచిప్ చదివే రకాల్లో కొన్ని బయటినుంచి లోపలికి వచ్చేటప్పుడే చిప్ అడుగుతాయి. లోపలి నుంచి బయటికి ఎవరు తోసినా పోనిస్తాయి. అవి పొరుగు పిల్లులనూ రకూన్లనూ లోపలికి రానివ్వకుండా చేసినవి, పిల్లల్ని ఆపడానికి చేసినవి కావు. బ్యాటరీ అయిపోతే మీ మోడల్ మూసుకుంటుందా తెరుచుకుంటుందా అన్నది మాన్యువల్‌లో ఉంటుంది. బ్యాటరీ తీసి ఒకసారి తోసి చూడండి.

అద్దె ఇళ్లలో స్లైడింగ్ గ్లాస్ డోర్ పక్కన నిలువుగా ఇరికించే ప్యానెల్ రకం ఎక్కువ. దీంట్లో ఫ్లాప్‌తో పాటు ఇంకో లోపముంది. ప్యానెల్ మధ్యలోకి వచ్చేసరికి తలుపు కొక్కెం చట్రంలోని అసలు రంధ్రానికి అందదు. ప్యానెల్‌తో వచ్చే చిన్న లాచ్ సరిగ్గా బిగించకపోతే తలుపే పక్కకు జరిగిపోతుంది. ఫ్లాప్ ఒక్కటీ మూసి ఊరుకుంటే పని సగమే అయినట్టు. కింది గాడి పొడవు కొలిచి, సరిపడా గుండ్రటి కర్ర కోయించి పడుకోబెట్టాలి, పైన పిల్లలకు అందని ఎత్తులో ఇంకో గొళ్లెం పెట్టాలి. కుక్క లేకపోతే ఆ ప్యానెల్ మొత్తం తీసేయడమే మేలు. స్ప్రింగుతో నిలబడి ఉంటుంది, విప్పడం పది నిమిషాల పని.

తలుపుకే కోసిన కంతను మూయడానికి, ల్యాండ్‌లార్డ్ తలుపుకు కొత్త చిల్లు పడకుండా ఒక పద్ధతి ఉంది. డాగ్ డోర్‌కు లోపల ఒక ఫ్రేమ్, బయట ఒక ఫ్రేమ్ ఉంటాయి. లోపలి నుంచి వేసిన పొడవాటి స్క్రూలు తలుపులోంచి వెళ్లి బయటి ఫ్రేమ్‌ను పట్టుకుంటాయి. మోడల్‌ని బట్టి నాలుగో ఆరో ఎనిమిదో ఉంటాయి. ఒక స్క్రూ విప్పి హోమ్ డిపో, లోస్ లాంటి హార్డ్‌వేర్ షాపుకు తీసుకెళ్లి, అదే మందం, అదే మర ఉన్నవి సరిగ్గా అర అంగుళం ఎక్కువ పొడవుతో తీసుకోండి. లోపలి ఫ్రేమ్ ఎంతుందో అంత అర అంగుళం ప్లైవుడ్ అక్కడే కోయించండి. చెక్కను ఫ్రేమ్‌కు ఆనించి స్క్రూలు వచ్చే చోట్ల గుర్తు పెట్టి డ్రిల్ చేయండి. అంచులు ఉప్పు కాగితంతో రుద్దండి, లేకపోతే పిల్లల చేతికి పేళ్లు గుచ్చుకుంటాయి. ఒక్కో స్క్రూకి ఒక వాషర్ వేసి, ఎదురెదురు మూలలు మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. ఒక మూలే పూర్తిగా బిగిస్తే ప్లాస్టిక్ ఫ్రేమ్ పగులుతుంది. స్క్రూ పొడవు విషయంలో "ఇంకాస్త ఉంటే ఏమవుతుందిలే" అనుకోకండి. కొన్ని బయటి ఫ్రేమ్‌లలో స్క్రూ దిగే గొట్టం చివర మూసి ఉంటుంది. పొడవు ఎక్కువైతే అది అక్కడ తగిలి ఆగిపోతుంది, చెక్క వదులుగానే ఉంటుంది, బిగిసిందని మనం అనుకుంటాం. ఫ్లాప్‌ను తీయక్కర్లేదు, వాన చినుకు ఆపడానికి పనికొస్తుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత స్క్రూలు మళ్లీ వేసి వెళ్లిపోవచ్చు. వాటిని ఒక కవర్లో వేసి చెక్క వెనక అంటించండి. మొదలుపెట్టే ముందు ల్యాండ్‌లార్డ్‌కు ఒక ఈమెయిల్ పెడితే తర్వాత మాట రాదు.

పనికిరానివి కూడా చెప్పాలి. డక్ట్ టేపు ఎండకు జిగురు వదిలేస్తుంది. సోఫా అడ్డం జరిపితే వాక్యూమ్ చేసినవాళ్లు తిరిగి జరపడం మర్చిపోతారు. ఇరవై పౌన్ల సోనామసూరి బస్తా అడ్డం పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ బస్తా నెల తిరిగేసరికి సగమవుతుందని వేరే చెప్పాలా?

కుక్క ఉంది, డోర్ కావాల్సిందే అంటే రెండు దారులు. మొదటిది, పూల్ చుట్టూ నాలుగు వైపులా కంచె. ఇంటి గోడను నాలుగో వైపుగా లెక్కేసుకునే మూడు వైపుల కంచె డాగ్ డోర్ ఉన్న ఇంట్లో కంచె కిందే లెక్క కాదు. మూడు వైపుల కంచెతో పోలిస్తే నాలుగు వైపులా ఉన్నప్పుడు పిల్లలు మునిగే ప్రమాదం 83 శాతం తగ్గుతుందని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఎత్తు కనీసం 4 అడుగులు, గేటు పూల్‌కు అవతలి వైపుకు తెరుచుకోవాలి, దానంతటదే మూసుకుని లాచ్ పడాలి, లాచ్ కనీసం 54 అంగుళాల ఎత్తులో ఉండాలి, గేటు అంత ఎత్తు లేకపోతే లాచ్ పూల్ వైపు ఉండాలి. కంచె పక్కన కుర్చీ గానీ పూలకుండీ గానీ ఉంటే ఆ ఎత్తుకు అర్థం లేదు. రెండోది, ఫ్లాప్ నేరుగా బ్యాక్‌యార్డ్‌లోకి కాకుండా పక్క గోడ వెంట చిన్న కంచె వేసిన డాగ్ రన్‌లోకి, అంటే కుక్క తిరిగే జాగాలోకి, తెరుచుకునేలా చేయడం. లోపలివైపు బేబీ గేటు పెట్టి ఆ గదిని వేరు చేసినా సరే, కానీ గోడకు స్క్రూలతో బిగించే గేటే తీసుకోండి. పెంపుడు జంతువుల కోసమని అడుగున చిన్న తలుపు ఉన్న బేబీ గేట్లు అమ్ముతారు, చూశారా? పాకే పిల్లాడు ఆ చిన్న తలుపులోంచే పోతాడు. అలాంటివాటిని పిల్లల సామాన్ల అరలో ఎలా పెడతారో నాకు అర్థం కాదు.

ఫ్లాప్‌కే సెన్సర్ తగిలించే ఆలోచన వినడానికి బాగుంటుంది. కుక్క వెళ్లినప్పుడల్లా మోగుతుంది, మూడో రోజు ఎవరో ఒకరు ఆపేస్తారు. నీళ్లు కదిలితే మోగే పూల్ అలారం కంచెకు తోడుగా ఉంటే మంచిదే. కానీ అది మోగేసరికి పిల్లాడు నీళ్లలో ఉన్నాడన్నమాట.

గరాజ్‌లోకి తెరుచుకునే డాగ్ డోర్ సంగతి వేరు. అక్కడ పూల్ ఉండదు, కారు ఉంటుంది, కూలెంట్, పురుగుమందు డబ్బాలు ఉంటాయి. పైగా ఇంటికీ గరాజ్‌కూ మధ్య తలుపు మంటను 20 నిమిషాలు ఆపే రకంగానో, గట్టి మందపు తలుపుగానో ఉండాలని బిల్డింగ్ కోడ్ అడుగుతుంది. దానికి కంత కోస్తే ఆ రక్షణ పోయినట్టే, కారు పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు కూడా దారి ఇచ్చినట్టే. అక్కడ చెక్క కొట్టడం కాదు, తలుపే మార్చాలి.

చట్టం రాష్ట్రానికో రకం. కాలిఫోర్నియాలో కొత్తగా పూల్ కట్టినా, ఉన్నదాన్ని పర్మిట్ తీసుకుని మార్చినా ఏడు భద్రతా ఏర్పాట్లలో కనీసం రెండు ఉండాలి. అరిజోనాలో ఆరేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లకు పూల్ కంచె నిబంధనలున్నాయి. ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టిన తర్వాత డాగ్ డోర్ కోయించుకుంటే వచ్చి చూసేవాళ్లెవరూ ఉండరు. ఇల్లు కొనే ముందు చేయించే ఇన్‌స్పెక్షన్‌లో ఈ మాట ప్రత్యేకంగా అడగండి. ఇంకో సంగతి: పొరుగింటి పిల్లాడు మీ పూల్‌లో పడినా చాలా రాష్ట్రాల్లో మీ మీద దావా నిలబడే అవకాశముంది.

హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు దోమల మెష్ తలుపుకు పిల్లి ఫ్లాప్ పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు. అది తెరుచుకునేది బాల్కనీలోకి. గ్రిల్ సందు 4 అంగుళాలు దాటినా, రెయిలింగ్ పక్కన ఎక్కడానికి కుండీలున్నా ఇదే లెక్క వర్తిస్తుంది.

ఇలాంటిదేదైనా జరిగినప్పుడు మనవాళ్ల నోట మొదట వచ్చే మాట "తల్లి ఏం చేస్తోంది?" అని. తండ్రి ఏం చేస్తున్నాడని అడగరు, అదొక తమాషా. పసివాడి మీంచి రోజంతా చూపు తిప్పకుండా ఉండటం మనిషి వల్ల కాదు. పప్పు పొంగుతుంది, ఆఫీసు కాల్ వస్తుంది, రెండోవాడికి డైపర్ మార్చాలి. తల్లిదండ్రుల బాధ్యత అనేది చూపు తప్పిన ఆ రెండు నిమిషాల్లో ఏమవుతుందో ముందే ఆలోచించడం. శనివారం పొద్దున ఆ చెక్క బిగించడం బాధ్యత. ఇంట్లో వ్రతమో పుట్టినరోజో ఉండి నలభై మంది వచ్చినప్పుడు "అందరూ ఉన్నారుగా" అనుకోకుండా, పావుగంటకొకరు చొప్పున పేరు పెట్టి పిల్లల్ని అప్పగించడం బాధ్యత.

ఇండియా నుంచి అమ్మమ్మ, నాన్నమ్మ ఆరు నెలలకు వచ్చినప్పుడు గ్యాస్ స్టవ్, మైక్రోవేవ్ చూపిస్తాం. ఆ లిస్టులో డాగ్ డోర్ కూడా ఉండాలి. చాలామంది పెద్దవాళ్లకు అది తలుపులో ఒక తలుపని తెలియదు. వంగి చేత్తో తోసి చూపించండి. పిల్లాడు కనబడకపోతే మంచం కింద, బాత్రూములో వెతకడం తర్వాత, ముందు పూల్ దగ్గరికి పరిగెత్తాలని చెప్పండి. మీది కాకపోతే పక్కింటి పూల్ చూడాలి. అత్యవసర సాయానికి పిలిచే 911 నంబరు, ఇంటి అడ్రసు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఫ్రిజ్ మీద అంటించండి. నీళ్లలోంచి తీసిన పిల్లలకు ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు, నోట్లోకి శ్వాస ఊదడమూ కావాలి. ఇలా ఛాతీ నొక్కి శ్వాస ఊదడం నేర్పే పిల్లల సీపీఆర్ కోర్సు సగం రోజు పని. భార్యాభర్తలిద్దరూ వెళ్లండి, పెద్దవాళ్లు ఓపిక ఉందంటే వాళ్లనూ తీసుకెళ్లండి.