లైను మేమే వేసుకున్నాం: 10 మెగావాట్ల అనుసంధానంలో నా అనుభవం

మా మిల్లు సొంత అవసరాల కోసం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో 10 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం పెట్టినప్పుడు, దాన్ని గ్రిడ్‌కు కలిపే పని నాకు అప్పగించారు. 132/33 కేవీ సబ్‌స్టేషన్ దాకా 9 కిలోమీటర్ల 33 కేవీ లైను, అక్కడ ఒక కొత్త బే (మా లైనును సబ్‌స్టేషన్‌కు కలిపే బ్రేకరు, కొలత పరికరాలు ఉండే విభాగం) కావాలి. ఎస్టిమేట్ మొత్తం కట్టేసి విద్యుత్ శాఖ చేతే చేయించుకోవచ్చు; లేదా ఎస్టిమేట్‌లో 10 శాతం సూపర్‌విజన్ చార్జీలు, వాటిపై జీఎస్టీ కట్టి, టర్న్‌కీ పద్ధతిలో మనమే చేసుకుని, పూర్తయ్యాక వాళ్లకు అప్పగించవచ్చు. నాలుగు నెలలైనా కలిసొస్తాయన్న ఆశతో నేను రెండోదే ఎంచుకున్నాను.

మొదటి ఇబ్బంది పొలాల దగ్గరే ఎదురైంది. లైన్ల కింద భూమికి పరిహారం గురించి కేంద్రం 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు 66 కేవీ, ఆపై లైన్లకే వర్తించేవి కాబట్టి, మా 33 కేవీ లైనుకు చూపించడానికి ఒక రేటంటూ లేక ప్రతి రైతుతోనూ విడిగా బేరం సాగింది. “పోలు చుట్టూ ట్రాక్టర్ తిప్పాలంటే రెండు సాళ్లు పోతాయి సారూ, అది ఒక్క ఏడాది నష్టం కాదు కదా” అని ఒక పెద్దాయన అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. అయినా డిసెంబర్ నాటికి తీగ లాగేశాం.

అసలు దెబ్బ నా తొందర వల్లే తగిలింది. డ్రాయింగులు ఆమోదం పొందకముందే బే సామగ్రికి ఆర్డర్ పెట్టాను. 33 కేవీ దగ్గర 10 మెగావాట్లకు వచ్చే కరెంటు సుమారు 175 ఆంపియర్లే కాబట్టి 200/1 సీటీలు (200 ఆంపియర్లను కొలతకు వీలుగా 1 ఆంపియర్‌కు తగ్గించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు) సరిపోతాయనుకున్నాను. ఆమోదమై వచ్చిన డ్రాయింగులో మాత్రం, మిగతా బేలకు ఉన్నట్టే 400-200/1 అని, అంటే 400కైనా 200కైనా అమర్చుకోగలవి కావాలని ఉంది. భవిష్యత్తులో లోడు పెరిగినా మార్చనక్కర్లేకుండా అలా పెట్టుకుంటారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కొత్త సీటీలు తయారై, పరీక్షలు ముగించుకుని వచ్చేసరికి ఫిబ్రవరి దాటింది.

ఆ మధ్యకాలంలో లైనులో కరెంటు లేదని ఊళ్లో అందరికీ తెలుసు. ఒక ఉదయం వెళ్లి చూస్తే మూడు స్పాన్ల (పోలుకీ పోలుకీ మధ్య దూరాల) తీగ లేదు; ఇన్సులేటర్లు మాత్రం చెక్కుచెదరకుండా, బైండింగ్ ముక్కలతో వేలాడుతున్నాయి. పోలీసు ఫిర్యాదు ఇచ్చాం. బీమా పాలసీలో రాత్రి కాపలా షరతు ఉందన్న సంగతి క్లెయిమ్ పెట్టాకే చదివాను. లైను అప్పగించేవరకు దాని నష్టం మాదే కాబట్టి ఆ తీగ ఖర్చూ మా మీదే పడింది.

మార్చి మధ్యాహ్నం విద్యుత్ తనిఖీ అధికారి రోడ్డు దాటే స్పాన్ కొలిపించారు. రోడ్డు మీద 6.1 మీటర్ల ఎత్తు ఉండాలి. 6 మీటర్లే వచ్చింది. డిసెంబర్ చలిలో, ఉదయం ఏడింటికి మేం కొలిచినప్పుడు 6.2 ఉండేది. ఎండకు తీగ సాగి కిందికి దిగుతుందని లెక్కలో వేసుకోవలసిన కాంట్రాక్టరు వేసుకోలేదు, నేనూ అడగలేదు. అక్కడి రెండు పోళ్లు తీసి 11 మీటర్లవి పాతించాం.

బేను 33 కేవీ బస్‌కు (సబ్‌స్టేషన్‌లో లైన్లన్నీ కలిసే ఉమ్మడి కండక్టరుకు) కలపాలంటే షట్‌డౌన్ కావాలి. అదే బస్ నుంచి వ్యవసాయ ఫీడర్లు వెళ్తాయి. రబీ వరి పాలు పోసుకుంటున్న సమయం. రెండు వారాలు ఆగి, ఒక ఆదివారం వేకువన నాలుగు గంటలు తీసుకున్నాం. జంపర్లు (కలిపే తీగ ముక్కలు) బిగించి, ఎంఆర్‌టీ (మీటర్, రిలే పరీక్షల విభాగం) వాళ్లు రిలేలు (లోపం వస్తే బ్రేకర్‌ను తెరిపించే రక్షణ పరికరాలు) పరీక్షించి, బ్రేకర్ వేసేసరికి ఎండ ఎక్కింది.

రోజుకు సుమారు 45,000 యూనిట్లు ఇవ్వగల కేంద్రం దాదాపు మూడు నెలలు ఖాళీగా ఉంది. కాంట్రాక్టరుతో మా ఒప్పందంలో ఆలస్యానికి జరిమానా మొత్తం పని విలువలో 10 శాతానికి మించదు. అది కూడా లైను పనికే గాని, పోయిన ఉత్పత్తికి కాదు. రెండో కేంద్రానికి మళ్లీ టర్న్‌కీయే తీసుకున్నాను. కాకపోతే డ్రాయింగు మీద ముద్ర పడేవరకు సీటీలకు ఆర్డర్ పెట్టలేదు, బే సిద్ధమయ్యేవరకు పోళ్ల మీద తీగ ఎక్కించలేదు.