పడుద్దా, పడదా?

శనివారం పిక్నిక్ గ్రూపులో ఇవాళ పడ్డ స్క్రీన్‌షాట్లు చూసి చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. ఒకరి ఫోన్లో సూర్యుడు, ఒకరి ఫోన్లో మబ్బూ మూడు చుక్కలూ, ఇంకొకరి దాంట్లో ఏకంగా మెరుపు. అన్నీ ఒకే ఊరికి, ఒకే రోజుకి. వాటి కింద ఒక పెద్దాయన (పేరెందుకులెండి, పోయిన దీపావళికి టపాసుల మీద ఉపన్యాసం ఇచ్చినాయనే) "ఇంత టెక్నాలజీ పెట్టుకుని వాన పడుద్దో పడదో ఒక్క ముక్కలో చెప్పలేరా వీళ్ళు" అని రాసి, పక్కన నవ్వే బొమ్మలు. దానికి బోలెడు లైకులు. ఆ లైకులు చూసిన దగ్గర్నుంచీ ఒళ్ళు మండుతోంది. పొద్దున ఆఫీసు పెట్టుకుని ఈ టైములో ఇక్కడ కూర్చున్నది అందుకే.

ఉగాది ఎప్పుడో వెళ్ళిపోయింది, దీని పేరు మాత్రం ఉగాది పిక్నిక్. సియాటిల్ పక్కన కెన్‌మోర్ వైపు పార్కులో షెల్టర్ ఆ రోజుకే దొరికింది, కట్టిన డబ్బు వెనక్కి రాదు, పులిహోర నా వంతు. అది వేరే గొడవ.

ఒక్క ముక్కలో చెప్పలేరా అంటే, చెప్పరు. చెప్పకూడదు కూడా. నేషనల్ వెదర్ సర్వీస్ (అమెరికా ప్రభుత్వ వాతావరణ శాఖ) సియాటిల్ ఆఫీసు వాళ్ళు పూటపూటా ఫోర్‌కాస్ట్ డిస్కషన్ అని ఒకటి రాస్తారు. సూర్యుడి బొమ్మలూ గొడుగు బొమ్మలూ ఏమీ ఉండవు, వట్టి అక్షరాలు. నేను రోజూ కాఫీతో అదే చదువుతానని మీకు తెలుసు, మా ఆయన దాన్ని "నీ పంచాంగం" అంటాడు. ఈ వారానిది ఇదీ. అలాస్కా సింధుశాఖ మీద నుంచి ఒక ద్రోణి (గాలి ఒత్తిడి తక్కువుండే పట్టీ) దిగింది. దాంతో పాటు పైన గాలి బాగా చల్లబడింది. కింద ఏప్రిల్ ఎండ, ఎంత లేదన్నా నేలని కాస్త వేడి చేస్తుంది. కింద వేడి, పైన చలి అనేసరికి మధ్యాహ్నానికి మబ్బులు పొంగుతాయి. జల్లు, దాని వెనకే ఎండ, మళ్ళీ జల్లు. ఎక్కడైనా చిన్న వడగళ్ళు, ఒక ఉరుము. పొద్దు గూకాక నేల చల్లబడితే సద్దుకుంటుంది. పగలు 54, 55 ఫారన్‌హీట్, అంటే ఖమ్మం నుంచి వచ్చిన నాన్న లెక్కలో 12, 13 డిగ్రీల సెల్సియస్. కొండల మీద 2,500 అడుగుల దాకా మంచు దిగొచ్చట. తూర్పు కొండలు దాటే స్నోక్వాల్మీ కనుమ 3,000 అడుగుల పైమాటే కాబట్టి, అవతలికి వెళ్ళేవాళ్ళు చూసుకుని వెళ్ళండి.

ఇందులో శనివారం మూడింటికి కెన్‌మోర్‌లో పడుద్దా అని అడిగితే ఏం చెప్తారు? 50 శాతం అని రాశారు. 50 శాతం అంటే రోజులో సగం సేపు పడుద్దని కాదు, సగం ఊళ్ళో పడుద్దనీ కాదు. నువ్వు నిలబడ్డ చోట, వాళ్ళు చెప్పిన వేళల మధ్య, అంగుళంలో నూరో వంతైనా పడే అవకాశం సగం. నూరో వంతంటే పావు మిల్లీమీటరు. కారు అద్దం తడిసి, వైపర్ ఒక్కసారి తిప్పితే పోయేంత. ఆ పావు మిల్లీమీటరుకీ పొద్దస్తమానం కురిసే వానకీ అంకె ఒకటే. ఇలాంటి జల్లుల వారంలో అదే తిరకాసు.

పైగా మేముండేది సియాటిల్‌కి ఉత్తరాన బాథెల్. పసిఫిక్ మీద నుంచి వచ్చే గాలి మాకు పడమరనున్న ఒలింపిక్ కొండల్ని ఎక్కలేక రెండు పాయలవుతుంది. ఒకటి ఉత్తరాన హువాన్ డి ఫ్యూకా జలసంధిలోంచి, ఇంకొకటి దక్షిణాన షెహేలిస్ లోయలోంచి చుట్టు తిరిగొచ్చి సియాటిల్‌కి ఉత్తరంగా ఢీకొంటాయి. వచ్చిన గాలికి పైకి పోవడం తప్ప దారి లేదు, పైకి పోతే మబ్బు, మబ్బైతే వాన. దీన్ని ఇక్కడ కన్వర్జెన్స్ జోన్ అంటారు, సన్నటి పట్టీలా ఉంటుంది. అది ఎవరెట్ మీద కూర్చుంటుందా, లిన్‌వుడ్ మీదా, మా నెత్తిన కూర్చుంటుందా అన్నది కొద్ది మైళ్ళ తేడా. మేం తడిసి ముద్దవుతుంటే దక్షిణాన రెంటన్ వాళ్ళు చల్లగా "మాకు ఎండ కాస్తోందే" అని ఫొటో పెడతారు. ఆ కొద్ది మైళ్ళు ఏ సూర్యుడి బొమ్మలో పడుతుంది?

ఇదంతా గ్రూపులో రాద్దామని టైపు చేసి, చెరిపేశాను. వదిన అప్పుడే "మన వెదర్ మేడమ్ ఏమంటారో" అని కవ్విస్తోంది.

నాన్న కూడా అదే అడుగుతాడు. రోజూ పొద్దున కిటికీ దగ్గర నిలబడి, "ఏమ్మా, ఇవాళ పడుద్దా?" అని. వచ్చిన కొత్తలో అర్థం కాక తల పట్టుకున్నాడు. ఖమ్మంలో నలభై దాటిందని ఫోన్లో బాబాయి చెబుతుంటే ఇక్కడ స్వెట్టర్ వేసుకుని కూర్చున్నాడు. సియాటిల్లో ఏడాదికి పడేది దగ్గర దగ్గర 1000 మిల్లీమీటర్లు, ఖమ్మంలో పడేదీ ఇంచుమించు అంతే అంటే నమ్మలేదు. "మరి ఇంతకాలం ఏం పడుద్దమ్మా ఇది?" అన్నాడు. అక్కడ నాలుగు నెలల్లో కుమ్మరించి పోయేదాన్ని ఇక్కడ అక్టోబరు నుంచి మే దాకా చెంచాతో పోస్తారు.

అక్కడున్నప్పటి మాట ఒకటి. అప్పుడు నేను ఏడో తరగతో ఎనిమిదో, సరిగ్గా గుర్తు లేదు. మిరప కోతలు అయిపోయాయి. కల్లంలో రెండు పోగులు. ఒకటి ముందు కోసింది, గలగలలాడేంత ఎండింది, ఇక బస్తాలకెత్తడమే. ఇంకొకటి అప్పుడే కోసి పోసింది, ఇంకా మెత్తగా ఉంది. ఆ సాయంత్రం రేడియోలో అక్కడక్కడా ఉరుములతో జల్లులు అన్నారు. మా పక్క కల్లం పెదనాన్న "ఈ ఎండల్లో వానేందిరా, వాళ్ళు రోజూ అదే చదువుతారు" అని టార్పాలిన్ పట్టా అద్దెకి కూడా తేలేదు. నాన్న తెచ్చాడు. కానీ డబ్బు ఒక్కదానికే ఉంది.

నాకిప్పటికీ గుర్తున్నది ఆ వాన కాదు, దానికి ముందు నాన్న రెండు పోగుల మధ్య నిలబడటం. ఎండిన పోగులో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు. గింజ మోగింది. పచ్చి పోగులోంచి ఒకటి తీసి నలిపాడు, మెత్తగా వంగింది. "ఇది తడిస్తే ఇంకో వారం ఎండబెట్టుకుంటాం. అది తడిస్తే తాలే, నాసి కాయే" అని ఎండిన దాని మీద పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టాడు. అర్ధరాత్రి దాటాక గాలి లేచింది. పట్టా ఒక మూల ఎగిరిపోతుంటే అమ్మ దాని మీద కూర్చుంది. తడిసిన మిరప ఘాటుకి అందరం దగ్గుతూనే ఉన్నాం, నా చేతిలో టార్చి వణుకుతోంది. పొద్దున పచ్చి పోగు చుట్టూ నీళ్ళు ఎర్రగా నిలిచాయి. పెదనాన్న కాయ వారం తిరిగేసరికి తెల్ల మచ్చలేసి రంగు చచ్చింది, మార్కెట్లో తాలు కింద కొట్టేశారు. తాలుకి సగం ధర కూడా రాదు. మా పచ్చి పోగులోనూ కొంత పోయింది, అంతా దక్కిందని చెప్పను. పెద్దమ్మ చాలా రోజులు మా ఇంటికి రాలేదు, మాదేదో తప్పయినట్టు.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు ఆ పెద్దాయనకి శాతాల పాఠం చెప్పాలని ఉంది. ఇప్పుడు అంత లేదు. ఎందుకంటే ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరిని అడిగినా "ఒక్క ముక్కలో చెప్పండయ్యా" అనే అనేవాళ్ళు. వాళ్ళకి వాన గురించి తెలుసుకోవాలని కాదు, పట్టా తేవాలా వద్దా అని. రేడియో పడుద్దన్నా పడదన్నా నాన్న చేసేది అదేనేమో. పది శాతం అన్నా ఎండిన మిరప కప్పుతాడు, తొంభై శాతం అన్నా పచ్చిది వదిలేస్తాడు. అలాంటప్పుడు ఆ అంకె ఎవరికి? నాలాంటి, కాఫీ తాగుతూ చదివేవాళ్ళకా? దీనికి నా దగ్గర జవాబు లేదు. పులిహోర తడిస్తే ఎవరి అప్పూ పెరగదు. ఆ లెక్కన ఈ గ్రూపు హడావిడి మరీ ఎక్కువ. పెద్దాయన మీద కోపం తగ్గింది, లైకులు కొట్టినవాళ్ళ మీద మాత్రం తగ్గలేదు.

బాగున్న ముక్క ఒకటి ఉంది. మా చిన్నది బస్సు దిగే వేళకి ఆకాశం పడమర నల్లబడి, తూర్పున ఎండ అలాగే ఉండగా టపటపా తెల్లటి గుళికలు పడ్డాయి. నాన్న గొడుగు చిన్నదానికిచ్చి, రోడ్డు మీద నుంచి రెండు ఏరి వేళ్ళ మధ్య నలిపాడు. పొడైపోయాయి. "ఇవి వడగళ్ళేనా? మావైతే పెంకులు పగిలేవి" అన్నాడు, కొంచెం గొప్పగా. ఇల్లు చేరేలోపే ఆగిపోయింది. చిన్నది రాత్రి దాకా ఫ్రీజర్ తలుపు తీసి చూస్తూనే ఉంది, దాచినవి ఉన్నాయా అని.

ఆదివారం స్కాజిట్ వైపు ట్యూలిప్ తోటలకి వెళ్దామని మా ఆయన అంటున్నాడు. పూలకేం, ఈ చలికి ఇంకా నాలుగు రోజులు నిలుస్తాయి, వాడేది ఎండకే. బురద గురించి మాత్రం నేను మాట్లాడను, పోయినేడు కారు మ్యాట్లు కడిగింది నేనే.

భోజనాల దగ్గర నాన్నకి పిక్నిక్ సంగతి చెప్పాను. షెల్టర్ ఎట్లా ఉంటుంది, గోడలున్నాయా, గాలి ఎటు నుంచి అని అడిగాడు. నాలుగు స్తంభాలు, పైన కప్పు, గాలి పడమర నుంచి అన్నాను. "అయితే పడమటి పక్క ఒక పట్టా కట్టండి, వంటలు అటు పెట్టకండి, అయిపోయె" అన్నాడు. గ్రూపులో ఆ ఒక్క ముక్కే పెట్టాను. పట్టా ఎవరి దగ్గరుంది అని వదిన అడిగింది. మా గరాజ్‌లోనే ఉంది, నీలం రంగుది. కాకపోతే దాని మీద మా ఆయన నూనె కారే లాన్ మోవర్ పెట్టి ఏడాదవుతోంది. రేపు పొద్దున అది తీయమనాలి. ఏమంటాడో మీకు తెలుసుగా.