మిద్దె మీద మడి ఎంత లోతు? రెండడుగుల మట్టి ఎక్కించి దించిన నా అనుభవం

మొత్తానికి మిద్దె మీది ఆఖరి మట్టి బస్తా కిందికి దిగింది. మడులు కట్టించాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది చదివాకే మేస్త్రీని పిలవండి.

మాది వనస్థలిపురంలో పాత ఇల్లు, మేం కింద ఉంటాం, పై పోర్షన్ అద్దెకిచ్చాం. ఏప్రిల్‌లో మిద్దె తోట మొదలుపెట్టా. లోతు ఎంత పెట్టించాలని నర్సరీ అతన్ని అడిగితే "రెండడుగులు లేకపోతే ఏదీ కాయదు మేడమ్" అన్నాడు. మేస్త్రీ సరేనని నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున రెండు ఇటుక మడులు కట్టేశాడు, అదీ మిద్దెకి సరిగ్గా నడిమధ్య, స్లాబు మీదే. ఎర్రమట్టి, పశువుల ఎరువు మోయించి నింపాం. తోటకూర బ్రహ్మాండంగా వచ్చింది.

జూన్‌లో రెండు పెద్ద వానలు పడ్డాక పైనుండే పెద్దాయన ఫోన్ చేసి "అమ్మా, ఒక్కసారి వచ్చి చూస్తారా" అన్నారు. వెళ్తే బెడ్‌రూమ్‌లో ఫ్యాన్ చుట్టూ పెద్ద తడి మరక, మంచం గోడకి జరిపేసి కింద బకెట్ పెట్టుకున్నారు. వాళ్ళావిడ ఒక్క మాట అనలేదు, కూర్చోమని కాఫీ ఇచ్చింది. ఆ కాఫీ నా గొంతు దిగలేదు.

మర్నాడు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిపించాం. మట్టి ఎంత లోతు పోశారని అడిగి, అక్కడే పిట్టగోడ మీద కాగితం పెట్టి లెక్కేశారు. తడిసిన మట్టి ఘనపుటడుగుకి 45 నుంచి 50 కేజీలు ఉంటుందట, నా మడి ఒక్కోటి 64 ఘనపుటడుగులు, అంటే ఒక్కో మడి మూడు టన్నులు! మనుషులు తిరిగే మిద్దెకి మామూలుగా చదరపు మీటరుకి 150 కేజీల లెక్కన డిజైన్ చేస్తారు, అంటే చదరపు అడుగుకి 14 కేజీలు, నేను పెట్టింది దాదాపు వంద. "కట్టేముందు ఎవర్నీ అడగలేదామ్మా?" అన్నారాయన, మా ఆయన ముందు, ఆ పెద్దాయన ముందు. తల ఎత్తలేకపోయాను. అడిగానండీ, అడగకూడని మనిషిని అడిగా. మట్టి అమ్ముకునేవాడు లోతు ఎందుకు తగ్గిస్తాడు, ఇటుక కట్టుబడికి డబ్బులు తీసుకునే మేస్త్రీ ఎత్తు ఎందుకు తగ్గిస్తాడు? కానీ స్లాబు సంగతి తెలిసిన మేస్త్రీ నోరు మూసుకుని కట్టడం మాత్రం నేను క్షమించలేను.

మూడు రోజులు మట్టి దించడం, తర్వాత వాటర్‌ప్రూఫింగ్.

ఇప్పుడు ఇంజనీర్ గారు చెప్పినట్టే మడులు నడిమధ్యన కాకుండా పిట్టగోడ వెంబడి, అడుగున గోడ, బీమ్ ఉన్నచోటే పెట్టాం. వెడల్పు రెండడుగులు, లోతు అడుగు, అంతే. స్లాబుకి ఆనకుండా ఇటుకల మీద లేపి, నీళ్ళు పోయేలా అడుగున బెజ్జాలు పెట్టించా. మట్టి మూడో వంతే, మిగతాది కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు), చాలా తేలిక.

నిజానికి తోటకూర, పాలకూర, మెంతి, కొత్తిమీరకి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు చాలు. టమాటా, వంకాయ, మిర్చి, ముల్లంగికి అడుగు. బీర, సొర లాంటి తీగలకి అడుగున్నర కావాలి, వాటిని పిల్లర్ల పైన డ్రమ్ముల్లో పెట్టుకోండి, వాటి కోసం తోటంతా లోతు చేయొద్దు. ఇంకోటి, ఈ మిశ్రమం నీళ్ళు పడేకొద్దీ రెండు మూడు అంగుళాలు కిందికి దిగుతుంది, అంచు దాకా నింపి మధ్యమధ్యలో కంపోస్ట్ వేస్తూ ఉండాలి. లోతు తక్కువైతే ఎండాకాలంలో రెండు పూటలా నీళ్ళు పోయాలి, నీడకి గ్రీన్ నెట్ కట్టాలి. ఆ కష్టం పడటానికి నేను సిద్ధం.

పొద్దున ముల్లంగి గింజలు వేసి, అట్నుంచి అటే పై పోర్షన్‌కి వెళ్ళి సీలింగ్ చూసొచ్చా. మరక ఆరుతోంది. పూర్తిగా ఆరాక గది మొత్తం మా ఖర్చుతో రంగు వేయిస్తానని ఆవిడకి చెప్పా, ఈసారి కాఫీ పూర్తిగా తాగాను.