కెమెరా ఫర్మ్‌వేర్‌ను అప్‌డేట్ చేయాలా, వద్దా?

మా ఇంటి గేటు దగ్గరి కెమెరాకు కొత్త ఫర్మ్‌వేర్ (కెమెరాను లోపలి నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్) వచ్చిందని యాప్ చెబుతోంది. చక్కగా పనిచేస్తున్నదాన్ని ఎందుకు కదిలించాలన్నది మా నాన్నగారి అభ్యంతరం. అది కొట్టిపారేయదగినది కాదు: ఫర్మ్‌వేర్ ఎక్కుతుండగా కరెంటు పోతే కెమెరా మళ్లీ మొదలుకాకపోవచ్చు, దృశ్యాలను భద్రపరిచే పాత రికార్డరుతో పొసగకపోవచ్చు, కొన్ని మోడళ్లలో పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లే వీలే ఉండదు.

అయినప్పటికీ అప్‌డేట్ చేయాలనే నేను నిర్ణయించుకున్నాను. 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ కంపెనీ కెమెరాలలో బయటపడిన లోపం ఎంత తీవ్రమైనదంటే, నెట్‌వర్క్ ద్వారా కెమెరాను చేరగలిగిన వ్యక్తి పాస్‌వర్డ్ తెలియకపోయినా దానిని పూర్తిగా తన అదుపులోకి తెచ్చుకోగలిగేవాడు. ఎంత కఠినమైన పాస్‌వర్డ్ పెట్టుకున్నా అక్కడ అక్కరకు రాలేదు, ఆ లోపాన్ని పూడ్చింది కొత్త ఫర్మ్‌వేరే. అలాగని పాస్‌వర్డ్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) లొంగదీసుకున్నది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే నడుస్తున్న కెమెరాలు, డీవీఆర్‌ల (వీడియో రికార్డర్ల) వంటి పరికరాలనే.

అందువల్ల ముందుగా సెట్టింగులను రాసి పెట్టుకుని, మోడల్‌తో పాటు హార్డ్‌వేర్ వెర్షన్‌నూ సరిచూసి, కెమెరాకూ రౌటరుకూ ఇన్వర్టర్ నుంచి కరెంటు అందేలా చూసి, తయారీదారు ఇచ్చిన ఫైలునే ఎక్కిస్తాను. తయారీదారు అప్‌డేట్లు ఆపేసిన రోజున ఆ కెమెరాను ఇంటర్నెట్ నుంచి తప్పించి, ఇంట్లోని రికార్డరుకే పరిమితం చేస్తాను.