మా రాణికి షుగర్ – గిన్నెలో గుమ్మడికాయ

గత వేసవిలో మా కుక్క రాణి నీళ్ల గిన్నెను మాటిమాటికీ ఖాళీ చేస్తుంటే ఎండల వల్లే అనుకున్నాం. విజయనగరం ఎండలు అలాంటివి మరి. తిండి బాగానే తింటోంది, కానీ నడుము ఎముకలు తేలాయి. రాత్రిళ్లు హాల్లోనే పోసేస్తోంది. రక్తపరీక్షలో షుగర్ 412 వచ్చింది. పరగడుపున 120 దాటకూడదట.

"ఏం పెడుతున్నారమ్మా?" అని డాక్టరు గారు అడిగితే అమ్మ ముఖం చిన్నబోయింది. తెల్లన్నం, పాలు, టీలో ముంచిన బిస్కెట్లు. తొమ్మిదేళ్లుగా అదే. "దానివల్లే జబ్బు వచ్చిందని బాధపడకండి. కుక్కల్లో ఎక్కువగా క్లోమం ఇన్సులిన్ తయారుచేయలేకే వస్తుంది. అందుకే ఇంజెక్షన్ తప్పదు, తిండీ మార్చాలి" అన్నారు. పన్నెండు గంటలకోసారి, తిన్న వెంటనే ఇన్సులిన్.

తిండిలో పీచు ఎందుకు కలపాలో ఆయన చూపించిన తీరు నేను మర్చిపోలేను. గ్లాసు నీళ్లలో చెంచాడు ఇసబ్గోల్ (పీచు ఎక్కువుండే గింజల పొట్టు) వేశారు. మాట్లాడుతుండగానే అది జావలా చిక్కబడింది. కడుపులోనూ ఇలాగే చిక్కబడి, అన్నంలోని చక్కెరను రక్తంలోకి ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా వదులుతుందట. పెద్దపేగులోని మంచి బ్యాక్టీరియా కొన్ని రకాల పీచును పులియబెడితే వచ్చే ఆమ్లాలు పేగు గోడకు బలం.

తప్పు నేనే చేశాను. ఆత్రంతో మొదటి రోజే ఉడికించిన తీపి గుమ్మడికాయ సగం గిన్నె, పైన ఇసబ్గోల్ కలిపేశాను. రెండు రోజులు విరేచనాలు, గ్యాస్. మూడో పూట అసలు ముట్టుకోలేదు. తినని కుక్కకు పూర్తి మోతాదు ఇన్సులిన్ వేస్తే షుగర్ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. సిరంజి చేతిలో పట్టుకునే డాక్టరుకు ఫోన్ చేశాను. చేతులు వణికాయి.

తర్వాత రోజుకు ఒక చెంచా గుమ్మడికాయతో మొదలుపెట్టి పదిహేను రోజుల్లో నాలుగు చెంచాలకు పెంచాను. ఉప్పు, ఉల్లిపాయ, బెల్లం ఏవీ వేయలేదు. అన్నం తగ్గించి, ఉడికించిన కోడిమాంసం పెంచాను. ఇసబ్గోల్ మాత్రం డాక్టరు చెప్పినంతే, నీళ్లు బాగా కలిపి. ముందే చిక్కిపోయిన కుక్కకు పీచు ఎక్కువైతే ఇంకా చిక్కిపోతుందని వారం వారం తూకం వేయమన్నారు.

ఇన్సులిన్ మోతాదు పెద్దగా తగ్గలేదు. కానీ చెవి అంచున గుచ్చి చూస్తే మధ్యాహ్నం షుగర్ ఎక్కువగా 150, 220 మధ్యే ఉంటోంది. రాత్రి లేవకుండా పడుకుంటోంది. కుడి కంట్లో మాత్రం తెల్లటి పొర మొదలైంది. షుగర్ ఉన్న కుక్కల్లో ఇది తరచూ వస్తుందట. వచ్చే సోమవారం గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకెళ్తున్నాం.