ఒంట్లోనే పుట్టే అడ్డుపుల్ల: ఏడీఎంఏ

రక్తనాళాల లోపలి పొరలోని కణాలు ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారు చేస్తాయని, ఆ వాయువే నాళపు గోడలోని కండరాన్ని సడలించి రక్తానికి దారి వెడల్పు చేస్తుందని 1998లో నోబెల్ బహుమతి వచ్చినప్పటి నుంచి చాలామంది చదివే ఉంటారు. ఆ తయారీకి అడ్డుపుల్ల వేసే పదార్థం కూడా మన ఒంట్లోనే పుడుతుందన్న సంగతి నన్ను అంతకన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది. దాని పేరు అసిమెట్రిక్ డైమిథైల్ ఆర్జినైన్, క్లుప్తంగా ఏడీఎంఏ.

శరీరం దీన్ని పనిగట్టుకుని తయారు చేయదు. కణాల్లోని కొన్ని ప్రోటీన్లలో ఉన్న ఆర్జినైన్‌కు ఎంజైములు మిథైల్ సమూహాలను (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువుల చిన్న గుంపులను) తగిలిస్తాయి. ఆ ప్రోటీన్లు కాలం తీరి విచ్ఛిన్నమైనప్పుడు ఏడీఎంఏ విడిగా బయటపడుతుంది. రూపంలో ఆర్జినైన్‌ను పోలి ఉన్నందువల్ల, నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారు చేసే ఎంజైము అయిన నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్‌లో ఆర్జినైన్‌కు దక్కవలసిన చోటును ఇది ఆక్రమిస్తుంది. ఇందులో చాలా భాగాన్ని డీడీఏహెచ్ అనే ఎంజైము సిట్రులిన్ అనే మరో అమైనో ఆమ్లంగా మార్చేస్తుంది, మిగిలిన కొంత మూత్రంలో పోతుంది. (దీనికి సోదరి వంటి ఎస్‌డీఎంఏ, అంటే సిమెట్రిక్ డైమిథైల్ ఆర్జినైన్, మాత్రం ఆ సింథేజ్‌ను నేరుగా అడ్డుకోదు, ఒక మిథైల్ సమూహం చోటు మారినందుకే ఇంత తేడా!)

మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఏడీఎంఏ పేరుకుపోతుందని పాట్రిక్ వాలెన్స్ బృందం 1992లో చూపింది. డయాలిసిస్ రోగుల్లో దీని స్థాయి ఎక్కువగా ఉన్నవారికి గుండె జబ్బుల ముప్పు, మరణాలు ఎక్కువని 2001లో మరో అధ్యయనం తెలిపింది. అయితే ఇది నేరస్థుడా, నేరస్థలంలో కనిపించిన సాక్షి మాత్రమేనా? ఆక్సీకరణ ఒత్తిడి (చురుకైన ఆక్సిజన్ అణువుల వల్ల కణాలకు కలిగే హాని), రక్తంలో ఉండే హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం డీడీఏహెచ్‌ను మందగింపజేస్తాయి కనుక, అప్పటికే జబ్బుపడిన నాళాలలో ఏడీఎంఏ పెరగడం సహజమే. కానీ డీడీఏహెచ్ జన్యువు లోపించిన ఎలుకల్లో రక్తపోటు పెరగడం చూస్తే, దీన్ని పూర్తిగా నిర్దోషిగా వదిలేయలేమని నాకనిపిస్తుంది.

మరి ఆర్జినైన్‌ను అదనంగా ఇస్తే ఏడీఎంఏను పక్కకు నెట్టదా? తర్కం చక్కగానే ఉంది. అయితే గుండెపోటు వచ్చినవారిపై జరిపి 2006లో ప్రచురించిన ఒక పరీక్షలో ఆర్జినైన్ వల్ల గుండె పనితీరు మెరుగుపడలేదు సరికదా, ఆర్జినైన్ తీసుకున్నవారిలో ఆరుగురు చనిపోయారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఎవరూ చనిపోలేదు; కొత్తవారిని చేర్చుకోవడాన్ని అంతటితో ఆపివేశారు.