అరకు ట్రెక్ తయారీ: మూడోసారీ అన్నం పలుకే

శనివారం రాత్రి 8:40. అరకు దగ్గర ఒక కాఫీ తోటలో, సిల్వర్ ఓక్ చెట్ల కింద మా స్కౌట్ దళంలోని 14 మంది పిల్లలు కంచాలు పట్టుకుని కూర్చున్నారు. గిన్నె మూత తీశాను. పైన పలుకు, మధ్యలో జిగురు ముద్ద, అడుగున నల్లటి మాడు. ఇది మూడో ప్రయత్నం. పిల్లలు ఒక్క మాట అనలేదు. అటుకులు, వేరుశనగ చిక్కీ తిని టెంట్లలోకి వెళ్లి పడుకున్నారు. నాకే నిద్ర పట్టలేదు. ఫిబ్రవరిలో రెండు రాత్రులు కొండ మీదే ఉండాలి. పదమూడేళ్ల పిల్లాడు రోజంతా బ్యాగు మోసుకుని నడిచి వస్తే వేడన్నం పెట్టలేని స్థితిలో ఉంటే, వాణ్ణి నేను తీసుకెళ్లకూడదు.

మిగతావన్నీ బాగున్నాయి. నాలుగు ఆదివారాలు బ్యాగులతో విశాఖ కైలాసగిరి మెట్లు ఎక్కించాను, ఒక్కరికీ కాలికి బొబ్బ రాలేదు. ఏ బ్యాగూ పిల్లాడి బరువులో 20 శాతం దాటలేదు. చీకట్లో టెంట్లు 11 నిమిషాల్లో లేచాయి.

ఇక అన్నం సంగతి.

పట్రోల్‌కి (స్కౌట్లలో చిన్న జట్టు) ఏడుగురు, పూటకి 750 గ్రాముల సోనా మసూరి, 4 లీటర్ల సత్తు గిన్నె, 230 గ్రాముల బ్యూటేన్ డబ్బా మీద నేరుగా బిగించే చిన్న స్టవ్. ఎండుటాకులున్న తోటలోనూ అడవి అంచునా కట్టెల పొయ్యి పెట్టే ప్రసక్తే లేదు కాబట్టి గ్యాస్ తప్పదు. రైల్లో గ్యాస్ డబ్బాలు పట్టుకెళ్లకూడదు. అందుకే కిరండూల్ పాసింజర్‌లో సొరంగాలు చూసుకుంటూ వెళ్దామన్న పిల్లల సరదా మానిపించి టెంపో మాట్లాడాను.

మొదటిసారి నవంబరులో ఎంవీపీ కాలనీలో మా డాబా మీద వండాం. గాలి లేదు, 28 డిగ్రీలు. బియ్యం, 1.8 లీటర్ల నీళ్లు కలిపి పెడితే 12 నిమిషాల్లో పొంగొచ్చింది. అన్నం ఉడికింది గానీ నడిమధ్యలో రూపాయి బిళ్లంత మందాన అడుగంటింది. బర్నర్ వెడల్పు 6 సెంటీమీటర్లు, గిన్నె అడుగు 20. మంటంతా ఒక్కచోటే తగులుతోందని గిన్నె కింద పాత ఇనప పెనం పెట్టాను.

రెండోసారి భీమిలి దగ్గర సరుగుడు తోటలో. పెనంతో మాడు పోయింది. కానీ సముద్రపు గాలికి పొంగు రావడానికే 21 నిమిషాలు పట్టింది, 74 గ్రాముల గ్యాస్ అయిపోయింది, పైన రెండు వేళ్ల మందాన పలుకు మిగిలింది. పైగా ఆ పెనం 600 గ్రాములు. దాన్ని ఇంట్లోనే వదిలేశాను.

అరకులో గాలికి అడ్డంగా మూడు వైపులా బ్యాగులు పేర్చాం, స్టవ్‌కి బారెడు దూరంలో. 7:05కి వెలిగించాం. అప్పుడు 11 డిగ్రీలు. మొదటి ఐదు నిమిషాలు మంట డాబా మీద వచ్చినట్టే నీలంగా, గట్టిగా వచ్చింది. తర్వాత మెల్లగా కుంగిపోతూ వచ్చి, 7:20కల్లా దీపం వత్తి అంత అయింది. నాబ్ పూర్తిగా తిప్పినా అంతే. గ్యాస్ అయిపోయిందనుకుని డబ్బా పట్టుకుంటే చల్లగా జిల్లుమంది. చుట్టూ చెమట పట్టి, కింది సగం మీద నీటి బొట్లు వరసగా నిలబడి ఉన్నాయి. పట్రోల్ లీడర్ టార్చి కొట్టి, “మాస్టారూ, ఇది ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది” అన్నాడు. థర్మామీటర్ డబ్బాకి ఆనించి టేపు వేస్తే 3 డిగ్రీలు చూపించింది. గిన్నెలో నీళ్లు 81 దగ్గరే ఆగిపోయాయి. 7:29కి జర్కిన్ లోపల ఉన్న కొత్త డబ్బా బిగించాను. మంట ఒక్కసారి లేచింది, ఐదు నిమిషాల్లో పొంగు వచ్చింది, 7:40కి మాడు వాసన. తర్వాత గంటసేపు నీళ్లు చిలకరించి, మంట తగ్గించి, పెంచి చేసినవన్నీ దాన్ని ఇంకా పాడు చేశాయి.

ఇంటికొచ్చి మొదటి డబ్బా తూస్తే వాడింది 41 గ్రాములే. అంటే లోపల గ్యాస్ బోలెడుంది, బయటికి రాలేదంతే. బ్యూటేన్ మరిగేది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర. ద్రవం ఆవిరై బయటికి వస్తున్నకొద్దీ డబ్బాలోంచే వేడి లాగేస్తుంది. 28 డిగ్రీల డాబా మీద ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి మళ్లీ ఇచ్చేస్తుంది. 11 డిగ్రీల్లో ఇవ్వలేదు. డబ్బా 3 డిగ్రీలకి దిగాక లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే కాస్తే ఎక్కువ, ఇక మంట ఎక్కణ్ణుంచి వస్తుంది! డిసెంబరులో లంబసింగి అయితే ఈ డబ్బా వెలగడమే కష్టం.

ఎత్తు వల్ల అని తోటి స్కౌట్ మాస్టారు ఒకాయన అన్నారు. నేను ఒప్పుకోను. 900 మీటర్ల ఎత్తులో నీళ్లు 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి, మూడు డిగ్రీలే తేడా. అరకులో ప్రతి ఇంట్లోనూ అన్నం ఉడుకుతోంది కదా.

మరి చన్నీళ్లలో మంట లేక ఉడకని అన్నం మాడింది ఎందుకు? దీనికి జవాబు మా అమ్మ దగ్గర దొరికింది. జరిగిందంతా విని, “ఒరే, ఎసరు తెర్లకుండా బియ్యం పోస్తారట్రా ఎవరైనా?” అంది. కుక్కర్ అలవాటులో బియ్యం, చన్నీళ్లు కలిపి పెట్టేస్తున్నాను. మంట గట్టిగా ఉంటే నీళ్లు త్వరగా తెర్లి గింజల్ని కిందా మీదా తిప్పుతాయి. 24 నిమిషాలు తెర్లకుండా మెల్లగా కాగితే గింజలన్నీ అడుగున కూర్చుని, ఉబ్బి, జిగురుగా అతుక్కుంటాయి. తర్వాత ఎంత మంట పెట్టినా నీళ్లు వాటిని కదపలేవు. అడుగు మాడుతుంది, పైకి వేడి ఎక్కదు.

నిన్న డాబా మీద బకెట్ ఐసుతో అరకు చలి సృష్టించాం. డబ్బాని 40 నిమిషాలు ఐసు నీళ్లలో ఉంచి, అందులో ఉండగానే 1.8 లీటర్లు కాచితే 27 నిమిషాలు పట్టింది. అదే డబ్బాని బయటికి తీసి, రెండంగుళాల లోతున గోరువెచ్చని నీళ్లున్న పళ్లెంలో నిలబెడితే 13 నిమిషాలు! ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి: ఆ నీళ్లు వేలు పెడితే గోరువెచ్చగానే ఉండాలి, సలసల కాగే నీళ్లు పోయకూడదు. ఇలాంటి స్టవ్ చుట్టూ రేకు కట్టి మూసేయకూడదు, డబ్బా వేడెక్కి పేలుతుంది. పిల్లలతో రెండుసార్లు చెప్పించుకున్నాను.

తర్వాత అమ్మ పద్ధతి. బియ్యం 40 నిమిషాలు నానబెట్టి (అక్కడైతే టెంట్లు వేసుకునే టైము ఇందుకు సరిపోతుంది), 1.6 లీటర్ల ఎసరు బాగా తెర్లాక పోసి, ఒకసారి కలిపి, సన్న మంట మీద 9 నిమిషాలు. దింపి దుప్పట్లో చుట్టి 15 నిమిషాలు ఉమ్మగిల్లనిచ్చాం. గ్యాస్ 52 గ్రాములు. మాడు సున్నా, అడుగు నుంచి మధ్య దాకా మెతుకు మెతుకు విడివిడిగా వచ్చింది. కానీ పైన వేలి మందాన ఇంకా పలుకే. సగం బియ్యం చిన్న గిన్నెలో వండితే అదీ లేదు. మూత తేలిగ్గా ఉండి ఆవిరి పోతోందని ఒక అనుమానం, గిన్నెలో అన్నం లోతు ఎక్కువైందని ఇంకోటి. ఈ శనివారం మూత చుట్టూ తడిగుడ్డ కట్టి, పైన కిలో రాయి పెట్టి ఒకటి, రెండు చిన్న గిన్నెలతో ఒకటి వండుతాం.

గంజి వార్చడం పనికిరాదు. నీళ్లు రెట్టింపు కావాలి, అవి మోయాల్సింది పిల్లలే. పైగా చీకట్లో మరిగే గంజి పిల్లల చేతుల్లో పెట్టను. ప్రెషర్ కుక్కర్ రెండు కిలోలు, వద్దు. గాలికి ట్రాంజియా స్పిరిట్ స్టవ్‌ని మించింది లేదని నా నమ్మకం, కానీ పగటి వెలుగులో స్పిరిట్ మంట కనబడదు, ఈ వయసు వాళ్ల మధ్య అది పెట్టలేను. ఐసోబ్యూటేన్ కలిసిన డబ్బాలు ఖరీదైనా రెండు తెప్పిస్తున్నాను. ఐసోబ్యూటేన్ మైనస్ 11.7 దాకా మరుగుతూనే ఉంటుంది. బ్యాగుల్లో మాత్రం డెకథ్లాన్ వాళ్ల ఫోర్‌క్లాజ్‌కే నా ఓటు, నడుం పట్టీ చిన్నపిల్లలకీ సరిగ్గా బిగుస్తోంది.

సంక్రాంతికి సగం మంది ఊళ్లకి వెళ్తారు, జనవరి 26న పరేడ్. కాబట్టి నెలాఖరున అనంతగిరి వైపు ఒక రాత్రి, అక్కడ అన్నం కుదిరితేనే ఫిబ్రవరి రెండో వారం అసలు ట్రెక్. అడవిలో నడిచే భాగానికి అటవీ శాఖకి అర్జీ పెట్టాం. పదో తరగతి వాళ్లకి మార్చిలో పరీక్షలు, వాళ్లని తీసుకెళ్లడం లేదు. రేపు పూర్ణా మార్కెట్‌కి వెళ్లి రెండున్నర లీటర్ల సత్తు గిన్నెలు నాలుగు, బిగుతు మూతలతో చూడాలి. చేతి తూకం పట్టుకెళ్తున్నా, ఒక్కోటి 300 గ్రాములు దాటితే కొనను. పట్రోల్ లీడర్లిద్దరూ వస్తామన్నారు.